గరిటె తిప్పే రోబో

భిలాయ్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు యంత్రాల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఆ ఉక్కు కర్మాగారంలో కరిగిన లోహాన్ని ఎత్తేది క్రేన్, దాన్ని నడిపేది మనిషి. హోటల్ వంటశాలలోకి రోబో వస్తున్నదీ ఈ లెక్కలోనే: వేడి, బరువు యంత్రానికి, రుచి మనిషికి.

దీని తొలి మెట్టు భిలాయ్‌లోనే చూడవచ్చు. అక్కడి అక్షయపాత్ర వంటశాల నుంచి ప్రభుత్వ పాఠశాలలకు మధ్యాహ్న భోజనం వెళుతుంది. ఈ సంస్థ పెద్ద వంటశాలల్లో అన్నం గుండిగలు కనీసం 500 లీటర్లవి. పప్పు, సాంబారు గుండిగలు 1,200 నుంచి 3,000 లీటర్లవి. అన్నీ ఆవిరితోనే ఉడుకుతాయి. అయితే ఇవి రోబోలు కావు. ఉడికిందో లేదో చూసేది మనిషే.

రోబోలో ఆ చూపు కొంత యంత్రానికి వస్తుంది. సెన్సర్ వేడిని కొలుస్తుంది. ఏది, ఎంత, ఎప్పుడు వేయాలో ప్రోగ్రామ్ చెబుతుంది. బెంగళూరు సంస్థ ముకుంద ఫుడ్స్ తయారుచేసిన 'దోసమాటిక్'లో పిండి, నూనె పోస్తే దోసె వేసి, కాల్చి, చుట్టి ఇస్తుంది. 2018లో అమెరికాలోని బోస్టన్‌లో తెరిచిన 'స్పైస్' హోటల్‌లో ఏడు మూకుళ్లు తమంతట తామే తిరుగుతూ మూడు నిమిషాల్లో వంట ముగించేవి. పైన చల్లేవి చల్లి అందించేది మాత్రం మనుషులే.

కారణం తేలికే. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతాయి, పాత బియ్యానికి ఎక్కువ. ఒక చింతపండు పులుపు మరొకదానికి ఉండదు. రోబో కొలత తప్పదు కానీ, రుచి చూసి ఉప్పు సరిచేయలేదు.

మరి వంటవారి ఉద్యోగాలు? 1980లలో బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు మన ఇళ్లలోనూ ఇదే భయం. లెడ్జర్లు పోయాయి, వాటిని రాసినవారు శిక్షణతో కొత్త పని నేర్చుకున్నారు. వారి వెనుక యూనియన్లు, ఒప్పందాలు ఉన్నాయి. హోటల్లో పెనం ముందు నిలబడే వంటవాడికి చాలాచోట్ల అవేవీ లేవు. పొగ, కాలే నూనె, భుజం నొప్పి తప్పితే అతనికి మేలే. పనే తప్పితే కాదు.

అందుకే రేపు ఎవరైనా ఇలాంటి యంత్రానికి అప్పు కోసం మన శాఖకు వస్తే, ధర, వాయిదాలతో పాటు మరో మాటా అడుగుదాం: "దీన్ని నడపడం మీ వంటమాస్టరుకు నేర్పిస్తున్నారా?"