ముఖం లోకానికి తెలుసు.. పేరే తెలియదు!
42 ఏళ్లు అజ్ఞాతంలో ‘వలస తల్లి’

గుడారం కింద ఓ స్త్రీ. ఒడిలో పసికందు. ఆమె భుజాలపై వాలి ముఖాలు అటు తిప్పుకొన్న ఇద్దరు చిన్నారులు. చెంపకు చేయి ఆనించి ఎటో చూస్తున్న ఆ తల్లి నుదుట ముడతలు. 1930ల నాటి అమెరికా ఆర్థిక మాంద్యం అనగానే గుర్తుకొచ్చే ఛాయాచిత్రమిది. ‘మైగ్రెంట్ మదర్’ (వలస తల్లి)గా ప్రపంచమంతా ఎరిగిన ఆమె ఎవరన్నది 1978 వరకు లోకానికి తెలియదు.

ఎవరీమె?: ఆమె పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్. 1903లో నేటి ఓక్లహామా ప్రాంతంలో, చెరోకీ ఆదివాసీ కుటుంబంలో జన్మించారు. 17 ఏళ్ల ప్రాయంలో క్లియో ఓవెన్స్‌ను వివాహమాడారు. అనంతరం ఆ కుటుంబం పొట్ట చేతపట్టుకొని కాలిఫోర్నియాకు తరలింది. 1931లో భర్త క్షయతో కన్నుమూశారు. అప్పటికి ఆమె ఆరో సంతానాన్ని మోస్తున్న గర్భిణి. నాటి నుంచి పత్తి తీస్తూ, పంట కోతలకు ఊరూరా తిరుగుతూ, వంట పనులు చేస్తూ పిల్లలను సాకారు.

పది నిమిషాల పరిచయం: 1936 మార్చిలో నిపోమో వద్ద వారి కారు చెడిపోయింది. పక్కనే బఠాణీ కోత కూలీల శిబిరం. మంచుకు పంట దెబ్బతినడంతో అక్కడ వేలమందికి పని లేదు. మగవారు కారు బాగు చేయించేందుకు వెళ్లగా ఆమె పిల్లలతో గుడారంలో వేచి ఉన్నారు. అదే సమయంలో ప్రభుత్వ సంస్థ తరఫున వచ్చిన డొరొథియా లాంగ్ పది నిమిషాల్లో కొన్ని చిత్రాలు తీసుకొని వెళ్లిపోయారు. ఆమె పేరు అడగలేదని లాంగే 1960లో రాశారు.

అందని సాయం: శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో ఈ చిత్రాలు వెలువడటంతో ప్రభుత్వం కదిలింది. సుమారు 20 వేల పౌండ్ల (9 టన్నుల) ఆహారాన్ని శిబిరానికి పంపింది. అయితే అప్పటికే ఫ్లారెన్స్ కుటుంబం మరోచోట పని వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

తప్పిన వివరాలు: తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసుకున్నారు. అది నిజం కాదని కుటుంబ సభ్యులు తర్వాత ఖండించారు. కరవుతో, దుమ్ము తుపాన్లతో ఊళ్లు విడిచిన శ్వేతజాతి రైతులకు ఈ చిత్రం ప్రతీకగా నిలిచింది. వాస్తవానికి ఆమె ఆదివాసీ మహిళ. ఆ కరవుకు ముందే, 1920లలోనే కాలిఫోర్నియా చేరారు.

గుర్తింపు: 1978లో ‘మొడెస్టో బీ’ పత్రికా విలేకరి ఆమెను కనుగొన్నారు. ఆ చిత్రం వల్ల తనకు ఒక్క పైసా దక్కలేదని, అది తీయకపోయినా బాగుండేదని ఆమె ఆవేదన వ్యక్తం చేశారు. 1983లో తీవ్ర అస్వస్థతకు గురైనప్పుడు వైద్య ఖర్చులకు సాయం చేయాలని పిల్లలు విజ్ఞప్తి చేశారు. దేశం నలుమూలల నుంచి సుమారు 35 వేల డాలర్ల విరాళాలు, వాటితోపాటు రెండు వేల వరకు లేఖలు అందాయి. అంతవరకు ఆ చిత్రాన్ని శాపంగా తలచిన పిల్లలకు ఆ లేఖలు గర్వకారణమయ్యాయి.

అదే ఏడాది సెప్టెంబరులో, 80 ఏళ్ల వయసులో ఫ్లారెన్స్ కన్నుమూశారు. అమెరికా మాతృత్వ బలానికి ఆమె ప్రతిరూపమని సమాధి ఫలకంపై చెక్కించారు. ఛాయాచిత్రం కింద నాలుగు దశాబ్దాలు కానరాని పేరు ఆ రాతిపై మాత్రం ఉంది.