పళ్లు పోతే పోయాయిలే అనుకోవద్దు

వయసు మీరాక పళ్లు ఊడటం మామూలేనన్న మాట మన ఇళ్లలో బాగా నాటుకుపోయింది. నానీ రొట్టెను పాలలో నానబెట్టుకుని తింటున్నా, దాదా మాంసం ముక్క పక్కకు పెట్టి పులుసుతో సరిపెట్టుకుంటున్నా ఎవరూ పట్టించుకోరు. నిజానికి పళ్లు ఊడేది వయసు వల్ల కాదు. పుచ్చు, చిగుళ్ల జబ్బు, ఏళ్ల తరబడి నమిలిన జర్దా, పొగాకు అందుకు కారణాలు. షుగరు ఉన్నవారిలో చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. అది ముదిరితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది.

నోటి శుభ్రత మనకు కొత్త విషయం కాదు. సమాజానికి భారమవుతుందన్న సంకోచమే లేకుంటే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవారమని దైవప్రవక్త (స) చెప్పినట్లు హదీసులు తెలుపుతున్నాయి. వుజూలో నోరు పుక్కిలిస్తే సరిపోదు. పళ్ల సందుల్లోని పాచి పోయేలా మెల్లగా రుద్దాలి.

పళ్లు పోతే తిండికే కాదు, తిలావత్‌కూ ఇబ్బందే. అరబీలో 'ఫా' పలకాలంటే పై పళ్ల అంచు కింది పెదవికి తగలాలి. 'సా', 'జాల్' అక్షరాలకు నాలుక కొస పై పళ్ల అంచును తాకాలి. ముందు పళ్లు లేని పెద్దలకు ఈ అక్షరాలు సరిగా పలకవు.

మన ప్రాంతంలో వైద్యం అందుబాటులోనే ఉంది. విజయవాడ గుణదలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి, గన్నవరం దగ్గర చిన అవుటపల్లిలో సిద్ధార్థ దంత వైద్య కళాశాల ఉన్నాయి. దంత కళాశాలల్లో సామాజిక దంత వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంటుంది. ఊళ్లలో, పేటల్లో శిబిరాలు పెట్టడం దాని పనుల్లో ఒకటి. కేంద్ర ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్యానికి 2010లో, నోటి ఆరోగ్యానికి 2014లో జాతీయ కార్యక్రమాలు ప్రారంభించింది. పొరుగున కర్ణాటక 2014లోనే 'దంత భాగ్య' పేరిట పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్లు ఇచ్చే పథకం తెచ్చింది.

అయితే శిబిరం ఒక్క పూట పని. పరీక్ష చేస్తారు, పాచి తీస్తారు, కదిలే పన్ను ఉంటే తీసేస్తారు. పళ్లసెట్టు మాత్రం ఒక్కరోజులో కాదు. మొదట అచ్చు తీయాలి, తర్వాత దవడల కొలత చూడాలి, మైనం మీద పళ్లు అమర్చి సరిచూడాలి, ఆపైన సెట్టు ఇవ్వాలి, ఒరుసుకుంటే మళ్లీ సరిచేయాలి. అయిదారు సార్లు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నాగాయలంక నుంచో, అవనిగడ్డ నుంచో ఒక పెద్దావిడ ఒంటరిగా అన్నిసార్లు బస్సెక్కి రాగలదా? తోడు లేకపోతే శిబిరంలో రాసిచ్చిన చీటీ ఇంట్లోనే ఉండిపోతుంది.

ఇక్కడే మసీదు కమిటీలు, యువకులు పూనుకోవాలి. శిబిరం పెట్టమని కళాశాలకు ముందుగా ఉత్తరం రాయండి. స్త్రీల కోసం పరదా ఏర్పాటు చేసి, లేడీ డాక్టర్లను పంపమని కోరండి. శిబిరం ముగిశాక పళ్లసెట్టు కావలసిన వారి పేర్లు రాసుకోండి. అందరికీ ఒకే రోజు పిలుపు ఇవ్వమని డాక్టర్లను అడిగి, ఒకే వ్యానులో తీసుకెళ్లండి. ఖర్చు పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

కొన్ని జాగ్రత్తలు గుర్తుంచుకోవాలి. కట్టుడు పళ్లను రాత్రి తీసి, కడిగి, మామూలు నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లు పోయకూడదు. పళ్లు లేకపోయినా చిగుళ్లను శుభ్రం చేసుకోవాలి. వుజూ, గుసుల్ విషయంలో సందేహముంటే ఇమాం సాహెబ్‌ను అడగండి. నోటిలో పుండు రెండు వారాలైనా మానకపోయినా, తెల్లని లేదా ఎర్రని మచ్చ కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. జర్దా అలవాటున్న వారికి నోటి క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

ఈ జుమా నమాజు ముగించుకుని ఇంటికి వెళ్లాక దస్తర్‌ఖాన్ దగ్గర పెద్దలను ఒక్క మాట అడగండి: "ఏం నమలలేకపోతున్నారు?" వారు నోరు తెరిచి అడగరు. మనమే అడగాలి, మనమే వెంట తీసుకెళ్లాలి.