సుంకాల సమాఖ్య – విదేశీ వాణిజ్యం: హైదరాబాదు, ఫ్రెంచి ఇండియా అనుభవాలు

కొన్ని దేశాలు తమ మధ్య సుంకాలను ఎత్తివేసి, బయటి సరకుపై ఉమ్మడి సుంకం విధిస్తే దానిని సుంకాల సమాఖ్య, అనగా కస్టమ్స్ యూనియన్ అంటారు. అందులో చేరినంత మాత్రాన వాణిజ్యం మేలైన దారిన పెరుగుతుందన్న నమ్మకాన్ని జాకబ్ వైనర్ 1950లో ప్రశ్నించాడు. ఖరీదైన స్వదేశీ ఉత్పత్తికి బదులు భాగస్వామి చౌక సరకు వస్తే అది వాణిజ్య సృష్టి. ఇంతకాలం చౌకగా అందిన బయటి సరకును కాదని, సుంకం లేనందువల్ల భాగస్వామి ఖరీదైన సరకునే కొంటే అది వాణిజ్య మళ్లింపు. ఏది జరిగేదీ చాలావరకు చేరకముందు బయటి సరకుపై ఉన్న సుంకాన్ని బట్టి ఉంటుంది. తెలుగువారి చరిత్రలోనే ఇందుకు రెండు భిన్నమైన ఉదాహరణలున్నాయి.

మైదుకూరు నుండి నంద్యాల, కర్నూలు మీదుగా ఉత్తరానికి సాగే దారి తుంగభద్ర దాటగానే నిజాం రాజ్యంలో ప్రవేశించేది. అక్కడి సుంకాల శాఖ పేరు కరోడ్‌గిరీ. ఈస్టిండియా కంపెనీతో 1802లో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం సుంకం నూటికి 5. ఆ లెక్కన మైదుకూరులో 100 రూపాయలు పలికిన పసుపు, రవాణా ఖర్చు కలపకుండానే, ఆవలి గట్టున 105 రూపాయలయ్యేది. మచిలీపట్నం రేవును వాడుకొనే హక్కును ఆ ఒప్పందమే నిజాముకు ఇచ్చినా ఆచరణలో అది కొరగాలేదు. కాబట్టి విదేశీ సరకు మొదట బ్రిటిషు రేవులో, తరువాత నిజాం సరిహద్దులో రెండుమార్లు సుంకం చెల్లించేది.

విలీనానంతరం ఈ లోపలి సుంకం తొలగవలసి వచ్చింది. రేవు సుంకం ముందే ఉన్నది కనుక విదేశీ సరకుపై కొత్త భారమేదీ పడలేదు. అందువల్ల మళ్లింపుకు చోటు తక్కువ, సృష్టికి ఎక్కువ. నష్టం మరొకచోట ఉంది: ఖజానాకు రాబడి తగ్గుతుంది, సుంకం చాటున నిలిచిన స్థానిక పరిశ్రమకు రక్షణ పోతుంది. రాజ్యాంగం 306వ అధికరణం 'బి' తరగతి రాష్ట్రాలకు, కేంద్రంతో ఒప్పందం మేరకు, పదేళ్లకు మించని గడువునిచ్చింది అందుకే. 1956లో ఏడవ సవరణ ఆ అధికరణాన్ని తొలగించింది.

యానాం ఒక భాగంగా ఉన్న ఫ్రెంచి ఇండియా కథ వేరు. దానికి సొంత రేవులున్నాయి. 1941లో బ్రిటిషు ఇండియాతో సుంకాల సమాఖ్యలో చేరడమంటే విదేశీ సరకుపై భారతీయ సుంకాన్ని స్వీకరించడమే. వైనర్ చెప్పిన మళ్లింపుకు ఇది అనువైన స్థితి. 1949లో సమాఖ్య రద్దు కాగానే చిత్రం తిరగబడింది. పాండిచ్చేరిలో చౌకగా దిగిన విదేశీ వస్తువులు దొంగచాటుగా మద్రాసు రాష్ట్రంలోకి సాగాయి. భారత ప్రభుత్వం సరిహద్దున సుంకపు కాపలా పెట్టింది. 1954 నవంబరు 1న పాలన బదిలీ అయ్యాకనే ఆ కాపలాకు అవసరం లేకపోయింది.