అలీని వణికించిన జబ్బు

ముహమ్మద్ అలీ వృత్తి బాక్సర్‌గా 61 పోటీల్లో దిగి 56 గెలిచాడు. వాటిలో 37 నాకౌట్లు. హెవీవెయిట్ ప్రపంచ కిరీటాన్ని మూడుసార్లు దక్కించుకున్నాడు. రింగులో అతని బలం కాళ్లు, రింగు బయట నోరు, కెమెరా ముందు ముఖం. పార్కిన్సన్స్ జబ్బు సరిగ్గా ఈ మూడింటినే పట్టుకుంది. నడక తడబడింది, గొంతు సన్నగిల్లింది, ముఖంలో కదలిక తగ్గింది. 1984లో న్యూయార్క్ వైద్యులు ఆ జబ్బు పేరు చెప్పేనాటికి అతని వయసు 42. ఆ తర్వాత 32 ఏళ్లు దానితోనే బతికాడు.

అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరంలో 1942 జనవరి 17న పుట్టాడు. అప్పటి పేరు కాషియస్ క్లే. పన్నెండేళ్లప్పుడు సైకిలు పోయింది. దొంగ దొరికితే చితకబాదుతానని పోలీసు అధికారి జో మార్టిన్ దగ్గర ఊగిపోయాడు. బాక్సింగ్ శిక్షకుడు కూడా అయిన మార్టిన్, ముందు కొట్టడం నేర్చుకోమన్నాడు. ఆరేళ్లకు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ స్వర్ణం వచ్చింది. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి 22 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ వెంటనే ఇస్లాం స్వీకరించినట్టు ప్రకటించి పేరు మార్చుకున్నాడు.

1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని తెగేసి చెప్పాడు. కిరీటం తీసేశారు, లైసెన్సు పోయింది, అయిదేళ్ల జైలుశిక్ష పడింది. అప్పీలు నడుస్తుండటంతో జైలుకు వెళ్లలేదు. 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా శిక్ష కొట్టేసింది. కానీ ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న మూడున్నరేళ్లు పోటీలు లేకుండానే గడిచిపోయాయి. తిరిగొచ్చాక కాళ్లలో పాత వేగం లేదు. మునుపు దెబ్బ తప్పించుకున్నవాడు ఇప్పుడు దెబ్బ కాచుకోవాల్సి వచ్చింది. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్ మీద గెలిచింది కూడా అలాగే. తాళ్లకు ఆనుకుని, మోచేతులు అడ్డం పెట్టి, ఫోర్‌మన్ అలిసేదాకా కొట్టించుకుని, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. చూసేవాళ్లకు అది అద్భుతమైన ఎత్తుగడ. ఒంటికి మాత్రం ఖరీదైనది. మరుసటి ఏడు మనీలాలో జో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు సాగిన పోరు ఇద్దర్నీ పిప్పి చేసింది.

అప్పుడే ఆపి ఉంటే బాగుండేదని చెప్పినవాళ్లలో అతని సొంత డాక్టరు ఫెర్డీ పచేకో ఒకరు. మాట చెల్లకపోవడంతో 1977లో ఆయన తప్పుకున్నాడు. 1980లో అలీ మన దేశానికి వచ్చి మద్రాసులో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. ఆ ఏడాదే లారీ హోమ్స్‌తో పోటీకి ముందు మేయో క్లినిక్‌లో పరీక్షలు చేశారు. కళ్లు మూసుకుని వేలితో ముక్కు కొస తాకమంటే గురి కొద్దిగా తప్పింది, ఒంటికాలి మీద గెంతడం సాఫీగా సాగలేదు. అయినా పోటీకి అనుమతి దొరికింది. అక్టోబరు 2న పది రౌండ్లు దెబ్బలు తిన్నాక శిక్షకుడు ఏంజెలో డండీ ఆపించాడు. కొట్టిన హోమ్స్ ఒకప్పుడు అలీకి సాధనలో తోడు నిలిచిన కుర్రాడే. గెలిచి కన్నీళ్లు పెట్టుకున్నాడు. 1981 డిసెంబరులో బహామాస్‌లో ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాక అలీ గ్లవ్స్ పక్కన పెట్టాడు.

జబ్బు అప్పటికే మొదలైందా అంటే, అతని మాటలే సాక్ష్యం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పాత టీవీ ఇంటర్వ్యూలను కొలిచి చూశారు. 26 ఏళ్ల నుంచి 39 ఏళ్ల మధ్య అతను మాట్లాడే వేగం 26 శాతం పడిపోయింది. అంటే డాక్టర్లు పేరు పెట్టడానికి కొన్నేళ్ల ముందే, ఇంకా రింగులో దిగుతున్న రోజుల్లోనే నాలుక మొద్దుబారడం మొదలైంది.

ఇంగ్లండ్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బు లక్షణాలను వివరంగా రాశాడు. ఆయుర్వేదంలో దీన్ని కంపవాతంతో పోలుస్తారు, ఊళ్లలో వణుకుడు రోగం అంటారు. మెదడు అడుగుభాగంలో నల్లటి రంగున్న చిన్న ప్రాంతంలో డోపమిన్ తయారుచేసే కణాలుంటాయి. చేయి ఎత్తాలన్నా అడుగు వేయాలన్నా ఆ కదలిక సాఫీగా సాగేలా చూసేది డోపమిన్. ఆ కణాలు సగానికి పైగా చచ్చాకే లక్షణాలు బయటపడతాయి. ఒళ్లో పెట్టుకున్న చేయి ఊరికే వణుకుతుంది, ఏదైనా పట్టుకోబోతే వణుకు తగ్గుతుంది. మొదట ఒక పక్కే కనిపిస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది, సంతకం చిన్నదైపోతుంది, నడుస్తుంటే ఒక చేయి ఊగదు. వీటికి ఎన్నో ఏళ్ల ముందే మలబద్ధకం, నిద్రలో కేకలు వేయడం, వంటింట్లో పోపు పెట్టినా వాసన తెలియకపోవడం ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు ముసలితనం అనుకుని వదిలేసేది వీటినే. వణుకు లేకుండానే వచ్చే పార్కిన్సన్స్ కూడా ఉంది. దాన్ని గుర్తించడం మరీ ఆలస్యమవుతుంది.

డోపమిన్‌ను మాత్రగా మింగితే లాభం లేదు, రక్తంలోంచి మెదడులోకి పోదు. లెవోడోపా పోగలదు, లోపలికెళ్లాక డోపమిన్‌గా మారుతుంది. ఈ పదార్థానికి తెలుగు పొలాల గట్ల మీద ఒక చుట్టం ఉంది. దూలగొండి తీగ కాయల మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పుడుతుంది. ఆ గింజల్లోంచి లెవోడోపాను వేరుచేసినట్టు మద్రాసు విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు దామోదరన్, రామస్వామి 1937లో ప్రకటించారు. అప్పటికి దాని వైద్య ప్రయోజనం ఎవరికీ తెలియదు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లో డోపమిన్ పాత్రను తేల్చాడు, 2000లో నోబెల్ అందుకున్నాడు. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ మోతాదు మెల్లగా పెంచుకుంటూ పోయి, కదల్లేని రోగులను నడిపించాడు. ఇప్పుడు లెవోడోపాను కార్బిడోపాతో కలిపి ఇస్తారు. మందు దారిలోనే కరిగిపోకుండా మెదడుకు చేరడానికి, వాంతులు తగ్గడానికి ఆ రెండోది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న దివీస్ లేబొరేటరీస్ తయారుచేసే ముడి ఔషధాల్లో ఈ రెండూ ఉన్నాయి.

మందు పనిచేస్తుంది కానీ జబ్బును ఆపదు. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కో మాత్ర ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, మోతాదు పెంచితే ఒళ్లు మెలికలు తిరగడం మొదలవుతుంది. తిండితోనూ పేచీ ఉంది. పప్పు, పెరుగు, మాంసంలోని మాంసకృత్తులు పేగుల్లో లెవోడోపాకు అడ్డుపడతాయి. అందుకే భోజనానికి అరగంట ముందే మాత్ర వేసుకోమంటారు. దూలగొండి పొడి కొనుక్కుని సొంత వైద్యం చేసుకోవడం ప్రమాదం, ఒక్కో గింజలో మందు ఒక్కోలా ఉంటుంది. మాత్రలతో లాభం తగ్గినవారిలో కొందరికి మెదడులో సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇస్తారు. హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ శస్త్రచికిత్స చేస్తారు.

జబ్బు పట్టినా అలీ ఇల్లు కదలకుండా కూర్చోలేదు. 1990లో బాగ్దాద్ వెళ్లి సద్దాం హుస్సేన్‌ను కలిశాడు, 15 మంది అమెరికన్ బందీలను వెంటబెట్టుకొచ్చాడు. 1996లో క్యూబాకు సాయంగా మందులు తీసుకుని హవానా వెళ్లినప్పుడు ఫిడెల్ క్యాస్ట్రోకు చిన్న గారడీ చూపించాడు. వణికే చేతులతోనే ఎర్రగుడ్డను పిడికిట్లో దోపి మాయం చేశాడు. ఆ తర్వాత బొటనవేలికి తొడుక్కున్న రబ్బరు తొడుగును చూపించి కిటుకు చెప్పేశాడు. జనాన్ని మోసం చేయడం తన మతానికి విరుద్ధమని, గారడీ చేసిన ప్రతిసారీ గుట్టు విప్పేవాడట. అదే ఏడాది జూలై 19 రాత్రి అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వెలిగించాడు. కుడిచేత్తో కాగడా పట్టుకుని నిలబడితే ఎడమచేయి ఆగకుండా వణుకుతోంది. దాన్ని దాచే ప్రయత్నం అతనూ చేయలేదు, కెమెరాలూ చేయలేదు. పార్కిన్సన్స్ రోగులు పదిమందిలోకి రావడానికి సిగ్గుపడే రోజుల్లో ఆ కొన్ని నిమిషాలు చేసిన మేలు వెయ్యి కరపత్రాల పెట్టు. మరుసటేడాది ఫీనిక్స్‌లో అతని పేరుతో పార్కిన్సన్స్ కేంద్రం మొదలైంది. 2016 జూన్ 3న అరిజోనాలో, రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకి 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

దెబ్బల వల్లే ఈ జబ్బు వచ్చిందా అన్న వాదన మాత్రం అతనితో పోలేదు. బాక్సర్లకు మెదడు దెబ్బతింటుందని 1928లోనే వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ రాశాడు. 1984లో అలీని పరీక్షించిన స్టాన్లీ ఫాన్ కూడా తొలుత దెబ్బలనే అనుమానించాడు. 2022లో జామా న్యూరాలజీ పత్రికలో అతనికి వైద్యం చేసిన నిపుణులు వేరే మాట చెప్పారు. జబ్బు ఒక పక్క మొదలై క్రమంగా ముదిరింది, లెవోడోపాకు స్పందించింది. కాబట్టి ఇది చిన్న వయసులో వచ్చే మామూలు పార్కిన్సన్సే అన్నారు. అంతమాత్రాన గుద్దులకు పాపం లేదని కాదు. తలకు తగిలే దెబ్బలు ముప్పును పెంచుతాయని వేరే అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన నిఖత్ జరీన్, కామన్వెల్త్ పతక విజేత హుసాముద్దీన్ నిజామాబాద్ నుంచి వచ్చాక తెలంగాణ పిల్లలకు బాక్సింగ్ అందని ఆటేమీ కాదు. వాళ్లు ఆడే ఒలింపిక్ బాక్సింగ్ మూడు రౌండ్లే, అలీ ఆడిన పదిహేను రౌండ్ల రోజులు పోయాయి. తలకు పెట్టుకునే తొడుగు చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపల మెదడు అదరకుండా పూర్తిగా ఆపలేదు.

దెబ్బలు కాకపోతే మరేమిటి? కొందరిలో జన్యువులు. ఇంకొందరిలో రసాయనాలు కారణమన్న అనుమానం బలపడుతోంది. గడ్డిమందుగా వాడే పారాక్వాట్‌ను చాలా అధ్యయనాలు వేలెత్తి చూపాయి. యూరోపియన్ యూనియన్‌లో అది నిషేధం. లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఇథిలిన్ మరొకటి. ఆ ద్రావకం కలిసిన నీళ్లు తాగిన అమెరికా సైనిక శిబిరం క్యాంప్ లెజూన్ వాళ్లకు పార్కిన్సన్స్ ముప్పు 70 శాతం ఎక్కువని 2023లో తేలింది. మందుల ఫ్యాక్టరీలు, యంత్రాల షెడ్లు, వరి మళ్లు పక్కపక్కనే ఉండే తెలంగాణలోని పటాన్‌చెరు, భానూర్, సంగారెడ్డి వైపు బతికేవాళ్లకు బాక్సింగ్ కన్నా ఈ జాబితాయే దగ్గరిది. అక్కడ పనిచేసేవారు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చేయి వణుకుతో పాటు, ఏ షెడ్డులో ఎన్నేళ్లు పనిచేశారో, ఏ మందు పిచికారీ చేశారో కూడా చెప్పడం అవసరం.