32 అంగుళాలా? 43 అంగుళాలా?

మీ ఇంట్లో టెలివిజన్ తెరకూ మీరు కూర్చునే చాపకూ మధ్య దూరం ఎంతో ఎప్పుడైనా కొలిచారా? కొలవలేదు కదూ! ఒకసారి టేపు పెట్టి కొలిచి రండి. ఆ అంకెతో మనకు పని ఉంది.

గోదావరి దాపున, అడవి అంచున ఉన్న మా చర్లలో మిరపకాయలు అమ్ముడైన రోజుల్లోనే ఇళ్ళకు కొత్త వస్తువులు వస్తాయి. కిందటి వేసవిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ళ నాన్నను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ పాత టీవీ పిక్చర్ ట్యూబు పాడైపోయిందట. దుకాణంలో రెండు టీవీలు చూసి వచ్చారు. ఒకటి 32 అంగుళాల 'హెచ్.డి. రెడీ'. రెండోది 43 అంగుళాల 'ఫోర్‌కే'. దాని ధర దాదాపు రెట్టింపు.

"అప్పు చేసైనా పెద్దదే కొందామనుకుంటున్నా సారూ. పిల్ల తెరకు మూడడుగుల్లో కూర్చుంటుంది. కళ్ళు పోతాయని మా అమ్మ ఒకటే గోల" అన్నాడాయన.

సరే, లెక్క వేద్దాం. 32 అంగుళాలంటే తెర వెడల్పు కాదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే కర్ణం పొడవు. తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 కనుక, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం చిన్న టీవీ వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. పెద్దదాని వెడల్పు 95, ఎత్తు 53.5. తేడా 11 అంగుళాలే అనిపిస్తుంది గానీ, వైశాల్యం 1.8 రెట్లు!

ఇక 'ఫోర్‌కే' సంగతి. తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వీటినే పిక్సెళ్ళు అంటారు. హెచ్.డి. రెడీ తెరలో అడ్డంగా 1,366 చుక్కలుంటాయి. ఫోర్‌కే తెరలో 3,840. భాగహారం చేయండి: మొదటిదానిలో చుక్కకు సుమారు అర మిల్లీమీటరు, రెండోదానిలో పావు మిల్లీమీటరు.

అంత చిన్న చుక్కలను మన కన్ను విడివిడిగా చూడగలదా? దీనికొక ప్రయోగం ఉంది. తెల్ల కాగితం మీద ఒక మిల్లీమీటరు మందంతో రెండు నల్ల గీతలు, మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వదిలి గీయండి. వెలుతురులో గోడకు అంటించి, చూస్తూ వెనక్కి నడవండి. ఆరోగ్యమైన కంటికి సుమారు 3.4 మీటర్ల దగ్గర, అంటే 11 అడుగుల దగ్గర, రెండు గీతలూ ఒకటైపోతాయి. అక్కడ ఆ ఖాళీ కంటి వద్ద చేసే కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. దీన్నే గణితంలో 'నిమిషం' అంటారు (గడియారంలో నిమిషం కాదు సుమా!).

అదే లెక్కన అర మిల్లీమీటరు చుక్కలు ఆరడుగులు దాటితే కలిసిపోతాయి. పావు మిల్లీమీటరువి మూడడుగుల లోపే. వీళ్ళింట్లో మంచానికీ టీవీ గోడకూ మధ్య 8 అడుగులు. అక్కడి నుంచి చూస్తే చిన్న టీవీలోని చుక్కలే విడిగా కనబడవు. ఫోర్‌కేలోని అదనపు చుక్కలకు పోసిన డబ్బు గోదాట్లో పోసినట్టే.

పైగా వాళ్ళది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. దాని ఛానళ్ళలో చాలావాటి బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 వరుసల ఎత్తు మాత్రమే. చట్టిలో ఉంటేనే గదా గరిటెలోకి వచ్చేది! ఇంటర్‌నెట్ బాగా అందే ఇల్లయితే ఈ మాట కొంత మారుతుంది.

మరి పెద్ద తెర ఎవరికి అవసరం? అదే వారంలో పిల్లల హాస్టల్ నుంచి కూడా ఇదే ప్రశ్న వచ్చింది. అక్కడ చివరి వరుస తెరకు 20 అడుగుల దూరం, అంటే 6 మీటర్లు. ఆ దూరంలో మంచి చూపున్నవారు పోల్చుకోగల అక్షరం ఎత్తు దాదాపు 9 మిల్లీమీటర్లు. హాయిగా చదవాలంటే దానికి మూడు రెట్లు కావాలి. అందులోనూ మనది పైన గుడి, కింద వత్తు ఉండే లిపి. 'రాష్ట్రం' అన్న మాట ఎంత చోటు తింటుందో చూడండి! పంక్తుల మధ్య ఖాళీ కూడా లెక్కిస్తే చిన్న తెరలో ఏడు పంక్తులు, పెద్దదానిలో పది పడతాయి. వాళ్ళకు 43 అంగుళాలదే కొనమన్నాను. ఫోర్‌కే మాత్రం అక్కరలేదన్నాను.

గుంపుగా చూడటం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఊరికొక సెట్టు, దాని ముందు ఊరంతా! ఆ సెట్లు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్.లో తయారయ్యాయి.

కరెంటు గురించి ఒక్క మాట. టీవీ వెనక చీటీ చదవండి. 100–240 వోల్టులు అని ఉంటే వోల్టేజి కొంత పడిపోయినా పనిచేస్తుంది. 45 వాట్ల టీవీ రోజుకు నాలుగు గంటలు నడిస్తే నెలకు 5.4 యూనిట్లు, 80 వాట్లదైతే 9.6.

ఇంతకూ ఆ అమ్మాయి సంగతేమిటి? నా గీతల కాగితం గోడకు అంటించి నడవమన్నాను. నాలుగడుగులు వెనక్కి వేసేసరికే "ఒకటే గీత సార్" అంది! బడిలో బోర్డు కూడా ముందు బెంచీ నుంచి తప్ప కనబడదట. దగ్గర కూర్చోవడం వల్ల ఆమె కళ్ళు పాడవడం లేదు. దూరం కనబడకనే దగ్గర కూర్చుంటోంది. ఇది హ్రస్వదృష్టి కావచ్చు. ఈ లోపం ఉన్న కంట్లో దూరపు వస్తువు ప్రతిబింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. వస్తువు దగ్గరైనకొద్దీ ప్రతిబింబం వెనక్కి జరిగి రెటీనాను చేరుతుంది. అదే పని పుటాకార కటకం చేసిపెడుతుంది.

తండ్రి ఇంకేమీ అడగలేదు. మర్నాడే ఇద్దరూ బస్సెక్కి భద్రాచలంలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కళ్ళజోడు వచ్చింది. తరవాత 32 అంగుళాల టీవీ వచ్చింది, అప్పు లేకుండా.

మొన్న ఆ ఇంటికి వెళితే అమ్మాయి మంచం మీద కూర్చొని పాఠం చూస్తోంది. తెరకు మూడడుగుల్లో చాప మీద వాళ్ళ నాయనమ్మ కూర్చుంది. వచ్చే సోమవారం ఆమెను కూడా భద్రాచలం తీసుకెళతారట.