వీసీఆర్ పోయిన ఏడాదే జిల్లా వచ్చింది

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు పుట్టింది 2016 అక్టోబరు 11న. అదే ఏడాది జులై నెలాఖరుకు, ప్రపంచంలో వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, ఆ పని మానుకుంది. రెంటికీ నడుమ సెప్టెంబరు 5న జియో వచ్చింది. మా బడి రోజుల యంత్రం పోవడం, సెల్‌ఫోన్‌లోకి ఇంటర్నెట్ చవగ్గా దిగడం, కొత్త జిల్లా బోర్డులు లేవడం అన్నీ నాలుగు నెలల్లోపే!

ఆ బడి రోజుల్లో, ఇప్పటి జగిత్యాల జిల్లా కోరుట్లలో వీసీఆర్, కలర్ టీవీ కలిపి కిరాయికి తెచ్చి వాకిట్లో పెడితే, తెల్లారేసరికి మూడు సినిమాలు అయిపోవాల్సిందే. లేకుంటే రెండో రోజు కిరాయి పడేది. ఆ తర్వాత వచ్చిన ఎంపీ3 సీడీకి అన్నిటికన్నా తక్కువ ఆయుష్షు. ఒక్కదాంట్లో నూటయాభై పాటలా అని మురిసేలోపే మెమరీ కార్డు వచ్చేసింది.

యూట్యూబ్‌లో మొట్టమొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న వచ్చింది, నిడివి 19 సెకన్లు. ఏడేళ్లకు, 2012లో, అదే జగిత్యాల వైపు మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి శ్రీరామ్ శ్రీకాంత్ 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టాడు. పొలం పనులు చేసి, బీడీలు చుట్టి బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే పేరు తెచ్చుకుని 2020లో బిగ్ బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. స్టూడియో లేకుండా, మన యాసను మార్చకుండా సాధించిన పేరది. నా దృష్టిలో ఈ ప్రాంతపు అతి పెద్ద రికార్డు ఇదే.

సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన 'బలగం' 2023 మార్చి 3న విడుదలైంది. మూడు వారాలకే ఫోన్లలోకీ వచ్చింది. అయినా ఊళ్లలో జనం తెరలు కట్టుకుని, అందరూ ఒకచోట కూర్చుని చూశారు, ఏడ్చారు.

అన్నిటికన్నా విలువైంది మాత్రం క్యాసెట్ ఉత్తరం. ఫిలిప్స్ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో పెట్టిన ఆ క్యాసెట్ మా ఊళ్లకు ఎక్కువగా దుబాయి, మస్కట్ పోయినోళ్ల సామానులో, టూ ఇన్ వన్ టేపు రికార్డర్‌తో పాటు వచ్చింది. 60 నిమిషాల క్యాసెట్‌లో 90 మీటర్ల టేపు, వెడల్పు 4 మిల్లీమీటర్లైనా ఉండదు. రికార్డు, ప్లే మీటలు కలిపి నొక్కి ఇంటిల్లిపాదీ వంతులవారీగా మాట్లాడేవారు. సెలవు అయిపోయి వెళ్లే మనిషి చేతికిస్తే జవాబుకు నెలలు పట్టేది. చదువు రాని తల్లి కొడుకు మాటను ఇంకొకరితో చదివించుకోకుండా నేరుగా విన్నది అందులోనే. కొడుకు గొంతు చెరిగిపోవద్దని క్యాసెట్ పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలు విరగ్గొట్టేవారు. కొత్త క్యాసెట్‌కు పైసలు లేకపోతే ఆ సందుల్లో కాగితం ముక్క కుక్కి, ఆ గొంతు మీదనే జవాబు రికార్డు చేసి పంపేవారు. ఇప్పుడు ఐఎంఓ యాప్‌లో మొహం చూస్తూ మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు ఫోన్ పెట్టగానే పోతాయి, క్యాసెట్‌లో చెరపకుండా దాచుకున్నవి మిగిలాయి.

అయితే టేపుకు తేమ పడదు. ఏళ్లు గడిచేకొద్దీ పూత రాలి మాట మసకబారుతుంది. మీ ఇంటి సందూకులో అలాంటి క్యాసెట్ ఉంటే, ఆడే టేపు రికార్డర్ దొరుకుతున్నప్పుడే ఫోన్‌లోకి ఎక్కించుకోండి.