మా కోడలి మేపుల్ చెట్టు

ముప్ఫై యేళ్లు తెనాలిలో పంతులుగిరీ చేసి, పెరట్లో మామిడీ, మల్లే, కరివేపాకూ పెంచినవాణ్ణి. మొక్కల సంగతి నాకొకరు చెప్పాలా అనుకునేవాణ్ణి. ఉద్యోగవిరమణ చేసి సియాటిల్‌లో కొడుకు దగ్గరకు వచ్చాక, నాలుగడుగుల మొక్క ఒకటి ఆ గర్వం కాస్తా దింపింది.

ఆ మొక్క మా కోడలిది. మొదటి జీతంతో కొనుక్కుని, నాలుగేళ్లు కుండీలో పెంచి, ఇల్లు కొన్న యేడు పెరట్లో నాటిందిట. పేరు జపాన్ మేపుల్. ఆకు చూస్తే పసిపిల్ల అరచెయ్యి చాచినట్టుంటుంది. ఐదో, యేడో వేళ్లు. జపానువాళ్లకు మాత్రం కప్ప చెయ్యి గుర్తుకు వచ్చింది. వారు పిలిచే 'కయెదె' అన్న పేరు ఆ మాటలోంచి పుట్టిందే. 1775లో నాగసాకి చేరిన స్వీడన్ వైద్యుడు థున్‌బర్గ్ దీనికి 'ఏసర్ పామేటమ్' అని నామకరణం చేశాడు. పామేటమ్ అంటే అరచేతి ఆకారం గలది. ఇంకో విశేషం వినండి: నేటి వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఇది మన కుంకుడు చెట్టు కుటుంబానిదే!

"మామయ్యగారూ, పగలంతా మేం ఇంట్లో వుండం. దీన్ని కాస్త కనిపెట్టి చూడండి" అంది కోడలు. చూశాను. చూడవలసినదానికన్నా యెక్కువే చూశాను. కాండం చుట్టూ మట్టి యెగదోసి, పాదు చేసి, పొద్దున బక్కెటెడు, సాయంత్రం బక్కెటెడు నీళ్లు పోశాను. గుప్పెడు యెరువూ వేశాను. ఆగస్టు వచ్చేసరికి ఆకుల అంచులు మాడాయి, కొమ్మల చివళ్లు నల్లబడ్డాయి. దాహమేమోనని ఇంకో బక్కెట పెంచాను.

కోడలు రోజూ ఆఫీసునుంచి వచ్చి చెట్టు దగ్గర కాసేపు నిలబడేది. ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండుననిపించింది.

పక్కింట్లో జపాన్ సంతతి పెద్దాయన వున్నారు. ఓనాడు ఆయన వచ్చి, మొదలు దగ్గరి మట్టి చిటికెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. మురుగు కంపు!

"దాహం కాదు, దీనికి వూపిరాడడం లేదు" అన్నారు.

మేపుల్ వేళ్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి. వాటికి తడి కావాలి గానీ నిలవనీరు పనికిరాదు. కాండం వేళ్లుగా విచ్చుకునే చోటు నేలపైన కనబడుతూ వుండాలి. మట్టితో కప్పితే బెరడు కుళ్లుతుంది. నేల ఆమ్లగుణంతో, ఆకుయెరువు కలిసి గుల్లగా వుండాలి. పొద్దుటి యెండ మేలు, పడమటి యెండ చేటు. వేలు రెండంగుళాలు మట్టిలోకి గుచ్చి, తడి ఆరుతుంటేనే నిండా నీళ్లు పోయాలి. చుట్టూ బెరడు ముక్కలు పరచాలి గానీ కాండానికి తగలనివ్వకూడదు. ఘాటైన యెరువులు వద్దు. వసంతానికి ముందు రసం యెక్కే రోజుల్లో కొమ్మ కోస్తే గాయం కారుతుంది.

నవంబరులో ఆకు రాలాక మొక్కను పెళ్లగించి, కుళ్లిన వేళ్లు తీసేసి, ఇంటికి తూర్పువైపున గట్టు పోసి నాటాము. సియాటిల్‌లో చలికాలమంతా వానలే. ఆ వానలో మోడుగా నిలబడ్డ మొక్కను కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి. జనవరిలో వుండబట్టలేక కొమ్మను గోటితో గీకాను. లోపల పచ్చగా వుంది! ఆ రాత్రి కంటినిండా నిద్రపట్టింది.

ఏప్రిల్‌లో యెర్రటి చిగుళ్లు విచ్చాయి. వెయ్యికి పైగా వున్న రకాల్లో మాది 'బ్లడ్‌గుడ్', చిగురునుంచే యెరుపు. ఇటువంటి రకాలు గింజ వేస్తే తల్లిపోలిక నిలవదు, అంటు కట్టవలసిందే.

ఒక అంటు తెనాలి తీసుకువెడదామా అని ఆశ పుట్టింది. పెద్దాయన నవ్వారు. ఈ చెట్టుకు యేటా నెలల తరబడి చలినిద్ర కావాలి. మన పుష్యమాసపు చలి దానికి కునుకుపాటుకైనా చాలదు! మానుకున్నాను.

ఆ సాయంత్రం కోడలు చిగుళ్లను వేలితో తాకి చూసి, నీళ్ల డబ్బా నా చేతికిచ్చింది.

"ఈ యేడు కూడా మీరే చూసుకోండి, మామయ్యగారూ."

ముందు వేలు మట్టిలో గుచ్చి చూశాను. తడిగానే వుంది. డబ్బా పక్కన పెట్టేశాను.